పింఛను కోత మీద హైకోర్టుకు వెళ్లేముందు చూసుకోవాల్సిన కాగితాలు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023 జులై నుంచి 4,016 రూపాయలు. మందులకూ మనిషి సాయానికీ ఈ డబ్బే దిక్కైన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. 2025 జనవరి నుంచి ఏపీలో ఈ పింఛన్లను తిరిగి తనిఖీ చేయడం మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో చాలామందికి ‘మీ వైకల్యం 40 శాతం కన్నా తక్కువ, మీరు అనర్హులు’ అని నోటీసులు వచ్చాయి. అప్పటి నుంచి ‘హైకోర్టులో కేసు వేద్దాం’ అన్న మాట ఊళ్లలో గట్టిగా వినిపిస్తోంది. వేయొచ్చు, వేయాలి కూడా. కాకపోతే ఏ కాగితం మీద వేయాలో, ఏమని అడగాలో చూసుకోకుండా వెళ్లినవాళ్లు ‘అర్జీ పెట్టుకోండి, అధికారులు పరిశీలిస్తారు’ అన్న ఆర్డరు ముక్క పట్టుకుని వెనక్కి వస్తున్నారు. పింఛను మాత్రం రావడం లేదు. సదరం (వైకల్యాన్ని పరీక్షించి శాతంతో సర్టిఫికెట్ ఇచ్చే విధానం) ఫైళ్లు, పింఛను కేసులు రోజూ చూసేవాళ్లం కాబట్టి నలుగురికీ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. హైకోర్టు వైకల్యం శాతాన్ని కొలవదు. రాజ్యాంగం 226వ అధికరణ కింద వేసే రిట్ పిటిషన్‌లో జడ్జి గారు చూసేది అధికారి రాసిన ఆర్డరును. నోటీసు ఇచ్చారా, చెప్పుకునే అవకాశం ఇచ్చారా, కారణం రాశారా, సంతకం పెట్టిన అధికారికి ఆ అధికారం ఉందా, మార్గదర్శకాల ప్రకారమే పరీక్ష జరిగిందా అన్నవే అక్కడి ప్రశ్నలు. ‘డాక్టరు 35 శాతం వేశారు, నాకు 60 ఉంటుంది’ అని వాదిస్తే, వైద్యుల అభిప్రాయంలో తలదూర్చం అంటారు. అదే ‘రెండు కాళ్లకూ పోలియో ఉంటే ఒక్క కాలే పరీక్షించి 35 వేశారు, రెండో కాలి ఊసే రిపోర్టులో లేదు’ అంటే అది పద్ధతిలో లోపం. కోర్టు పట్టించుకునేది దాన్నే. కేసు బలం అంతా ఈ తేడాను కాగితం మీద చూపించగలగడంలో ఉంది.

మరో సంగతి. పింఛను పోవడం వెనక మామూలుగా రెండు నిర్ణయాలు ఉంటాయి. ఒకటి ఆసుపత్రిలో వైద్య బోర్డు వేసిన శాతం. రెండోది ఆ శాతాన్ని చూసి ఎంపీడీవో లేదా మున్సిపల్ కమిషనర్ ఇచ్చిన రద్దు నోటీసు. మొదటిది దివ్యాంగుల హక్కుల చట్టం 2016 లోని 58వ సెక్షన్ కింద జరిగేది. దాని మీద అప్పీలుకు 59వ సెక్షన్ దారి చూపిస్తుంది. రెండోది పింఛను పథకం ఉత్తర్వుల కింద వచ్చేది. చాలామంది రెండోదాని మీదే అర్జీ పెడతారు. శాతం 35 దగ్గరే ఉండిపోతే, ఎంపీడీవో ఆర్డరు కొట్టేసినా వారం తిరక్కుండా ఇంకోటి వస్తుంది. అందుకే అప్పీలులోనూ తర్వాత రిట్‌లోనూ ఈ రెండింటినీ కలిపి ప్రశ్నించాలి.

ఇక నోటీసు చేతికొచ్చిన రోజు సంగతి. నోటీసు మీద రాసిన తేదీ వేరు, అది ఇంటికి చేరిన తేదీ వేరు. అందిన తేదీని నోటీసు వెనక రాసుకుని, గ్రామ, వార్డు సచివాలయం సిబ్బంది పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు కూడా అదే తేదీ వేయండి. అప్పీలు గడువు నోటీసులోనే ఉంటుంది, దాన్ని దాటనివ్వొద్దు. కొన్నిచోట్ల అసలు నోటీసే ఇవ్వరు. ఒకటో తారీఖున పింఛను ఇచ్చేవాళ్లు ‘మీ పేరు లిస్టులో లేదమ్మా’ అని వెళ్లిపోతారు. అలా అయితే అదే రోజు ఎంపీడీవో పేరిట తెలుగులో ఒక దరఖాస్తు రాసి, ‘ఏ ఆర్డరు ద్వారా, ఏ కారణంతో నా పింఛను నిలిపారో ఆ ఆర్డరు నకలు ఇప్పించండి’ అని అడగాలి. ఒక ప్రతి మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోవాలి. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నోటీసు ఇవ్వకుండా ఆపేశారని రేపు కోర్టులో చూపించడానికి ఈ స్టాంపు కాగితం, బ్యాంకు పాస్‌బుక్ లేదా పింఛను కార్డులోని చివరి చెల్లింపు చాలావరకు సరిపోతాయి.

దాంతోపాటే సమాచార హక్కు చట్టం కింద ఆసుపత్రికి ఒక దరఖాస్తు పెట్టాలి. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, జిల్లా స్థాయికైతే 10 రూపాయల రుసుము. తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్డు నకలు జత చేస్తే రుసుము ఉండదు. ‘నా సదరం పరీక్ష వివరాలు ఇవ్వండి’ అని ముక్తసరిగా రాస్తే పాత సర్టిఫికెట్ నకలే మళ్లీ పంపిస్తారు. ఏమేం కావాలో విడివిడిగా రాయాలి. పరీక్ష చేసిన తేదీ, బోర్డులో ఉన్న డాక్టర్ల స్పెషాలిటీ, అవయవాల వారీగా వేసిన శాతాల పట్టిక, కండర బలం గ్రేడులు, చెవి పరీక్ష గ్రాఫు, ఐక్యూ లేదా ఐడియాస్ (మానసిక అనారోగ్యాన్ని కొలిచే స్కేలు) స్కోరు షీటు, పాత సర్టిఫికెట్‌కూ కొత్తదానికీ తేడా ఎందుకొచ్చిందో రాసిన నోట్ ఉంటే దాని నకలు అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. ‘వ్యక్తిగత సమాచారం ఇవ్వం’ అన్న సాకు ఇక్కడ చెల్లదు, ఎవరి ఒంటి వివరాలు వాళ్లే అడుగుతున్నారు కదా. ఈ షీట్లు చేతికొస్తే కేసు సగం తయారైనట్టే. ఎందుకంటే శాతం ఎక్కడ జారిందో బయటపడేది వాటిలోనే.

ఆ జారడం ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. కేంద్రం 2018 జనవరిలో వైకల్యం కొలిచే మార్గదర్శకాలను నోటిఫై చేసి, 2024 మార్చిలో సవరించింది. కాళ్లూ చేతుల వైకల్యంలో రెండు లోపాలు ఉంటే వాటిని ఊరికే కూడరు, ఒకదాన్ని వదిలేయరు కూడా. పెద్ద అంకెను అలాగే ఉంచి, చిన్న అంకెను 90లోంచి పెద్ద అంకె తీసేయగా మిగిలిన దాంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఒక కాలికి 30, రెండో కాలికి 20 అనుకోండి. 20ని 60తో గుణించి 90తో భాగిస్తే 13.3. ముప్పైకి కలిపితే 43.3. ఈ మనిషి అర్హుడు. స్లాట్ల రద్దీలో, కుంటే కాలినే పరీక్షించి 30 వేసి పంపిస్తే అదే మనిషి అనర్హుడైపోతాడు. నోటీసులో కనిపించేది 30 అన్న అంకె ఒక్కటే. అవయవాల వారీ షీటు ఉంటేనే రెండో కాలి గడి ఖాళీగా ఉందని చూపించగలం. కండర బలాన్ని సున్నా నుంచి 5 వరకు గ్రేడుల్లో రాయాలి, కీళ్ల కదలికను డిగ్రీల్లో కొలవాలి. ‘కొద్దిపాటి బలహీనత’ అని మాటల్లో రాసి పక్కన శాతం పడేస్తే అది కొలిచినట్టు కాదు.

చెవి విషయంలో లెక్క ఇంకోలా ఉంటుంది. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర ఆడియోమెట్రీ చేసి రెండు చెవులకూ విడివిడిగా శాతం వేస్తారు. బాగా వినిపించే చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవి శాతం కలిపి, 6తో భాగిస్తారు. మంచి చెవికి 45, రెండోదానికి 75 అయితే మొత్తం 50 శాతం. ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది చక్కగా ఉంటే 17 దాటదు. క్యాంపుల్లో తరచూ జరిగే తప్పు, సౌండ్‌ప్రూఫ్ గది లేకుండా వరండాలోనో ఫ్యాన్ హోరులోనో పరీక్ష చేయడం. ‘రోగి సహకరించలేదు’ అని రాసి, సహకారం అక్కర్లేకుండా వినికిడి నరం స్పందనను కొలిచే బెరా పరీక్షకు పంపకుండానే శాతం తగ్గించేయడం ఇంకొకటి. అలా జరిగితే అప్పీలులో బెరా పరీక్ష కావాలని రాసి అడగాలి.

మానసిక అనారోగ్యానికి ఐడియాస్ స్కేలు వాడతారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాటా అవగాహనా, పని చేయడం అన్న నాలుగు అంశాలకు ఒక్కోదానికి సున్నా నుంచి 4 మార్కులు. జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్న దాన్ని బట్టి ఇంకో 1 నుంచి 4. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం దాటినట్టు. మందులు వేసుకుని నిదానంగా కూర్చున్న మనిషిని అయిదు నిమిషాలు చూసి ‘బాగానే ఉన్నాడు’ అనేయడం ఇక్కడ జరిగే అన్యాయం. ఇంట్లో ఎలా ఉంటున్నాడో వెంట వచ్చిన తల్లినో భార్యనో అడిగి రాయాల్సిందే. పాత ఓపీ చీటీలన్నీ తేదీల వరుసలో పట్టుకెళ్లకపోతే జబ్బు వయసుకు రావాల్సిన మార్కులు కూడా పోతాయి. పదేళ్లు దాటిన జబ్బుకు 4 రావాలి, చీటీలు లేక 1 దగ్గర ఆగిపోయిన షీట్లు ఉన్నాయి.

గెలవని కేసుల గురించి కూడా చెప్పాలి. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను 6/6 ఉంటే మార్గదర్శకాల ప్రకారం 30 శాతమే. పాత సర్టిఫికెట్‌లో 40 అని ఉన్నా, కొత్త బోర్డు 30 వేయడంలో తప్పు వెతకడం కష్టం. అలాంటివాళ్లను ‘హైకోర్టులో తెచ్చిస్తాం’ అని ఊరించి డబ్బు వసూలు చేసేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. నోటీసు ఇవ్వకుండా ఆపిన నెలల బకాయి వరకే వాళ్లు గట్టిగా అడగగలిగేది. అంతకు మించి ఆశ పెట్టకూడదు.

అప్పీలు రాసేటప్పుడు బాధలు ఏకరువు పెడితే చాలదు. ‘నా ఎడమ కాలు పరీక్షించలేదు’, ‘బోర్డులో ఎముకల డాక్టరు లేరు’, ‘2012 నాటి శాశ్వత సర్టిఫికెట్‌లో 62 శాతం ఉంది, అది ఎందుకు తగ్గిందో కారణం రాయలేదు’ అని ఒక్కో లోపానికి ఒక్కో వాక్యం పెట్టాలి. మారే అవకాశం లేని వైకల్యానికే శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తెగిపోయిన చెయ్యి మళ్లీ మొలవదు. అలాంటప్పుడు శాతం ఎలా తగ్గిందో చెప్పాల్సిన బాధ్యత తగ్గించినవాళ్లదే. అర్హత లేదని తేలిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మళ్లీ పరీక్ష అంటూ జరిగితే మొదట చూసిన ఆసుపత్రిలో కాకుండా వేరే జిల్లా ఆసుపత్రిలోనో బోధనాసుపత్రిలోనో చేయాలని అప్పీలులోనే అడగండి. అప్పీలు తేలేదాకా పింఛను ఆపొద్దని చివర్లో ఒక పేరా తప్పకుండా ఉండాలి. అడగనిది కోర్టులోనూ రాదు.

అప్పీలు ఎక్కడ ఇవ్వాలన్నది నోటీసులో ఉంటుంది. 2025 తనిఖీల్లో ఎంపీడీవో, మున్సిపల్ కమిషనర్ ఆఫీసుల్లో తీసుకున్నారు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ మాత్రం అప్పీలు కాదు. దాని నంబరు దాచుకోండి, కానీ దాన్ని నమ్ముకుని అసలు అప్పీలు గడువు పోగొట్టుకోవద్దు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఆయన సిఫారసు చేస్తే, ఏం చేశారో ఆ శాఖ మూడు నెలల్లో చెప్పాలి. అయితే కోర్టులా స్టే ఇచ్చే అధికారం కమిషనర్‌కు లేదు. ఆఫీసు అసలు పలకనప్పుడు అక్కడికి వెళ్లడం మంచిది, పింఛను ఆగిపోయి ఇల్లు గడవనప్పుడు అదొక్కటే చాలదు.

అప్పీలు చేయకుండా నేరుగా హైకోర్టుకు వెళితే ప్రభుత్వ ప్లీడరు లేచి అనే మొదటి మాట, ‘వేరే దారి ఉండగా ఇక్కడికొచ్చారు’ అని. చాలాసార్లు పిటిషన్ అక్కడే ముగుస్తుంది. దీనికి మినహాయింపులు ఉన్నాయి. నోటీసే ఇవ్వకుండా, వాదన వినకుండా చేసినా, అధికారం లేని అధికారి చేసినా, వేరే దారి ఉందన్న కారణంతో రిట్‌ను తోసిపుచ్చనక్కర్లేదని సుప్రీంకోర్టు 1998లో వర్ల్‌పూల్ కంపెనీ కేసులో చెప్పింది. కాబట్టి నోటీసు లేకుండా ఆగిన పింఛనుకు నేరుగా వెళ్లొచ్చు. నోటీసు ఇచ్చి, శాతం తగ్గిందని చెప్పి ఆపినదానికైతే అప్పీలు వేసి, అది కొట్టేశాకో, నెలల తరబడి తేల్చకపోతేనో వెళ్లడం క్షేమం. రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు గానీ ఏడాదీ రెండేళ్లూ ఊరుకుంటే ఆలస్యమే అడ్డం వస్తుంది. రెండు మూడు నెలల్లో కదలాలి.

లాయరు ఫీజు భయంతో ఆగిపోయేవాళ్లకు ఒక మాట. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లోని 12వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ పిల్లలకూ కూడా అంతే. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హైకోర్టు కేసులకు హైకోర్టులో విడిగా ఒక కమిటీ ఉంది, దరఖాస్తును జిల్లా ఆఫీసు అక్కడికి పంపిస్తుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ‘ఇప్పుడు మీకు 40 శాతం లేదుగా’ అని ఎవరైనా అడ్డం చెబితే పాత సర్టిఫికెట్ చూపించి, అసలు వివాదమే అది అని రాసి ఇవ్వాలి. ఇలా కేటాయించిన లాయరు ఖర్చులకని డబ్బు అడగకూడదు. అడిగితే ఆ సంస్థ కార్యదర్శికి రాసివ్వండి, లాయరును మారుస్తారు.

లాయరుకు ఇచ్చే ఫైలు సర్దడం కూడా ఒక పనే. పైన ఒక కాగితం మీద తేదీల వరుస ఉండాలి. మొదటి సర్టిఫికెట్ ఎప్పుడు, పింఛను ఎప్పుడు మొదలైంది, తనిఖీకి ఎప్పుడు పిలిచారు, నోటీసు ఎప్పుడు అందింది, అప్పీలు ఎప్పుడిచ్చారు, పింఛను ఏ నెల నుంచి ఆగింది అన్నవి అందులో రావాలి. కింద అదే వరుసలో కాగితాలు పెట్టి పేజీ నంబర్లు వేయాలి. తెలుగు కాగితాలను ఇంగ్లిషులోకి తర్జుమా చేయాల్సి ఉంటుంది కాబట్టి చెరిగిపోయిన జిరాక్సులు కాకుండా చదవడానికి వీలైనవి ఇవ్వండి. అఫిడవిట్ మీద సంతకం చేయలేనివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. చూపు లేనివాళ్లకూ చదువు రానివాళ్లకూ దాన్ని తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని చెప్పాక వేయించినట్టు రాయాలి. బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ల తరఫున తల్లిదండ్రులు వేయాలంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చే గార్డియన్ పత్రం ముందే తెచ్చుకుంటే మంచిది. పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులు తమంతట తామే గార్డియన్లు అయిపోరు.

ఎవరెవర్ని పార్టీలుగా, అంటే ప్రతివాదులుగా చేర్చాలన్న దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. ఎంపీడీవోను, కలెక్టర్‌ను చేర్చి ఊరుకుంటే, ‘శాతం వేసింది మేం కాదు, ఆసుపత్రి’ అని కౌంటర్‌లో, అంటే తమ జవాబు అఫిడవిట్‌లో తప్పుకుంటారు. పంచాయతీరాజ్ శాఖ ముఖ్య కార్యదర్శి, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) సీఈవో, కలెక్టర్, జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ) పీడీ, ఎంపీడీవోలతో పాటు వైద్యారోగ్య శాఖ, సర్టిఫికెట్ ఇచ్చిన ఆసుపత్రి సూపరింటెండెంట్ కూడా ఉండాలి. పట్టణమైతే ఎంపీడీవో స్థానంలో మున్సిపల్ కమిషనర్.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రార్థన, అంటే కోర్టును ఏమని కోరుతున్నామో రాసే చివరి పేరా. ‘నా పింఛను పునరుద్ధరించమని ఆదేశించండి’ అన్న ఒక్క వాక్యంతో వేసిన పిటిషన్లు కనిపిస్తుంటాయి. అది చాలదు. ఫలానా తేదీ రద్దు ఆర్డరును, దానికి ఆధారమైన ఫలానా తేదీ వైద్య నిర్ణయాన్ని కొట్టివేయాలి. వేరే ఆసుపత్రి బోర్డుతో, సంబంధిత స్పెషలిస్టు ఉండేలా, మార్గదర్శకాల ప్రకారం ఇన్ని వారాల్లో మళ్లీ పరీక్ష చేయించాలి. ఆపిన నెలల బకాయి చెల్లించాలి. ఈ మూడూ అందులో ఉండాలి. దానితోపాటే విడిగా ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసి, కేసు తేలేదాకా పాత శాతం ప్రకారం పింఛను ఇస్తుండాలని మధ్యంతర ఉత్తర్వు కోరాలి.

మొదటి వాయిదాకు ప్రభుత్వ ప్లీడరు ‘వివరాలు తెప్పించుకుంటాం’ అని గడువు అడుగుతారు. తర్వాత వాయిదాలో, ‘పిటిషనర్ అర్జీని ఆరు వారాల్లో పరిశీలించమని చెప్పి కేసు ముగించేయండి, మాకు అభ్యంతరం లేదు’ అనడం పరిపాటి. మన లాయరు కూడా సరేనంటే అడ్మిషన్ దశలోనే కేసు ముగిసిపోతుంది. చూడటానికి గెలిచినట్టే ఉంటుంది. కానీ ఆ ఆర్డరులో ఉన్నది ‘పరిశీలించు’ అన్న మాటే, ‘ఇవ్వు’ అని కాదు. ఆరు వారాల తర్వాత అదే అధికారి అదే కారణంతో మళ్లీ తిరస్కరిస్తే అది కోర్టు ధిక్కారం కిందికి రాదు, మళ్లీ కొత్త రిట్ వేయాల్సిందే. కేసు ఆ దశలో ముగియక తప్పదనుకుంటే, ‘పరిశీలన పూర్తయ్యేదాకా పింఛను కొనసాగించాలి, కారణాలతో కూడిన ఆర్డరు ఇవ్వాలి, వేరే బోర్డుతో పరీక్ష చేయించాలి’ అన్న మూడు ముక్కలు ఆర్డరులో రాయించమని లాయరుకు ముందే గట్టిగా చెప్పి ఉంచండి. బెంచి ముందు ఆ ఒక్క నిమిషంలో అడగకపోతే తర్వాత అడగడానికి చోటుండదు.

కౌంటర్ వేశాక ఇంకో విషయం గమనించాలి. నోటీసులో ‘అనర్హులు’ అని ఒక్క మాటే రాసి, కోర్టుకొచ్చాక కౌంటర్‌లో నాలుగు పేజీల కారణాలు రాస్తుంటారు. ఆర్డరు నిలవాలో పోవాలో అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు అతికించకూడదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. వైకల్య బోర్డులు అర్హత లేదంటే కారణాలు రాయాలని 2024 అక్టోబరులో ఒక వైద్య విద్య సీటు కేసులో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. అది సీటు గురించినదే అయినా, కారణం రాయాలన్న మాట ఇక్కడా పనికొస్తుంది. ఈ రెండూ మీ లాయరు ఫైలులో ఉన్నాయో లేదో అడగండి.

ఆర్డరు వచ్చాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ప్రతి పార్టీకి ఒక లేఖతో స్పీడ్ పోస్టులో పంపాలి. ‘మాకు ఆర్డరు అందలేదు’ అనే మాటకు అప్పుడు తావుండదు. గడువు దాటినా అమలు చేయకపోతే ధిక్కార పిటిషన్, అదీ ఏడాది లోపే. ఒకవేళ సింగిల్ జడ్జి కొట్టేస్తే డివిజన్ బెంచికి రిట్ అప్పీలు వేసుకోవడానికి 30 రోజులే గడువు.

శాతంతో సంబంధం లేకుండా పోయే పింఛన్ల గురించి క్లుప్తంగా చెబుతాం. భూమి, కరెంటు, కారు, ఆదాయపు పన్ను వంటి వడపోతల్లో పేరు పోతే వైద్య అప్పీలు పెట్టి లాభం లేదు. ఒకే మీటరు మీద మూడు కుటుంబాలుంటే నెలకు 300 యూనిట్ల పరిమితి ఇట్టే దాటిపోతుంది. అప్పుడు కావాల్సింది మీటరు ఎవరి పేరిట ఉందో, ఆ ఇంట్లో ఎన్ని కుటుంబాలున్నాయో విద్యుత్ ఏఈ ఆఫీసు రాసిచ్చిన కాగితం. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా పాత పేరు మీదే కనిపిస్తుంటే ఆర్టీఏ బదిలీ పత్రం. కారణం ఏదో కనుక్కుని దానికి తగ్గ కాగితం పెట్టాలి.

ఇక ప్రభుత్వానికి మేం కోరేది. ఇందులో ఖర్చుతో కూడిన పని ఒక్కటీ లేదు. రద్దు నోటీసుతో పాటే అవయవాల వారీ శాతాల షీటును జత చేయండి. దాని కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నెల రోజులు కూర్చోవాల్సిన అవసరం ఏముంది? కారణం, అప్పీలు ఎవరికి, ఎప్పటిలోగా, 15100 నంబరు, ఇవి నాలుగూ నోటీసులో పెద్ద అక్షరాలతో తెలుగులో ఉండాలి. అప్పీలు వేసినవాళ్లకు అది తేలేదాకా పింఛను ఆపకూడదు. తర్వాత అనర్హులని తేలితే ఆపడం ఎలాగూ ఉంది, ఆకలితో గడిచిన నెలలను మాత్రం బకాయి ఇచ్చి వెనక్కి తేలేరు. మొదట చూసిన డాక్టరే అప్పీలు బోర్డులో కూర్చోకుండా జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి చూడాలి. మంచం దిగలేనివాళ్లను ఆటోల్లో, స్ట్రెచర్ల మీద క్యాంపులకు పిలవకుండా ఇంటికే బృందాన్ని పంపాలి. కదలలేక పరీక్షకు రానివాళ్లను ‘హాజరు కాలేదు’ అని రాసి తీసేసిన పేర్లను కలెక్టర్లు ఒకసారి విడిగా తెప్పించుకుని చూడాలి. ముందుగా తిరిగి చేర్చాల్సిన పేర్లు ఆ జాబితాలోనే ఎక్కువగా ఉంటాయి.

ఇట్లు,
దివ్యాంగుల పింఛను కేసులు చూస్తున్న న్యాయవాదులు, సదరం సహాయకులు,
గుంటూరు